కాచిన మజ్జిగ

మా శాఖలో పనిచేసే ఒక మిత్రుడికి ఈ వేసవిలో టైఫాయిడ్ వచ్చింది. జ్వరం దిగింది కాని మనిషి కోలుకోలేదు. ఏది తిన్నా కడుపులో నిలవడం లేదట. నాకూ ఒకప్పుడు ఇలాగే అయిందని ఎవరో చెప్పగా విని, అప్పుడు ఏం చేశావో చెప్పమని అడిగాడు. నోటితో చెబితే కొంత మరుపున పడుతుంది, కొంత అతిశయోక్తి అవుతుంది. అందుచేత వరుసగా రాసి ఇస్తున్నాను. నేను వైద్యుణ్ణి కాను, పట్టుపురుగుల పెంపకంలో శిక్షణ పొందినవాణ్ణి. ఇందులో వైద్యం తక్కువ. ఆ శిక్షణను వర్తించకూడని చోట వర్తింపజేయడం వల్ల కలిగిన అనుభవం ఎక్కువ.

1958 మార్చి, హిందూపురం

అప్పుడు నేను హిందూపురంలో ఒక ప్రభుత్వ పట్టు క్షేత్రంలో ఉద్యోగిని. గుడ్లు పెట్టిన తల్లి సీతాకోకచిలుకను, మేం చిలుక అనేదాన్ని, చిన్న రోట్లో నూరి, ఆ రసపు బొట్టును మైక్రోస్కోపు కింద పరీక్షించడం నా ప్రధానమైన పని. రోగకణం ఒక్కటి కనిపించినా ఆ చిలుక పెట్టిన గుడ్లన్నీ కాల్చివేయాలి. పురుగుల గదిని ప్రతి పట్టు పంటకు ముందు క్రిములను చంపే ఫార్మలిన్‌తో కడిగించాలి. లోపలికి పోయేవాళ్లు చేతులూ కాళ్లూ మందునీళ్లలో తడుపుకోవాలి. ఇవన్నీ ఊరూరా తిరిగి రైతులకు నేర్పేవాణ్ణి. మెత్తబడి, నల్లబడి, కుళ్లిపోయిన పురుగును చూపించి, "దీని కడుపులో సూక్ష్మజీవులు పెరిగాయి, అందుకే చచ్చింది" అని చెప్పేవాణ్ణి. ఆ వాక్యం నిజమే. పురుగు విషయంలో ఇప్పటికీ నిజమే.

మడకశిర వైపు ఒక పల్లెకు పోయి వచ్చిన కొన్నాళ్లకు జ్వరం మొదలయింది. ఏ బావి నీళ్లు కారణమో తేల్చలేకపోయాను. తల దిండులోకి దిగబడిపోతున్నట్టు ఉండేది. వీధిలో జట్కా గుర్రపు గిట్టల చప్పుడు లోపలి గదిలోనే వినిపిస్తున్నట్టు ఉండేది. అంతకు మించి జ్వరాన్ని గురించి రాయడానికేమీ లేదు. ఊళ్లోని డాక్టరుగారు కొత్తగా వచ్చిన గొట్టాల మందు, అంటే క్యాప్సూల్స్, తెప్పించి ఇచ్చారు. నా ప్రాణం నిలిపింది ఆ మందే. ఈ మాట ముందే చెప్పి పెట్టడం న్యాయం.

నా భార్య రుక్మిణి మా మేనమామ కూతురు. అందుచేత నన్ను బావా అని, మా అమ్మను అత్తా అని చిన్నప్పటినుంచీ పిలిచినట్టే పిలుస్తుంది. ఏడాది నిండని మా కూతురును ఆమె నా గది గడప దాటనిచ్చేది కాదు. క్షేత్రంలో నాతో పనిచేసే హనుమంతప్ప రోజూ సాయంత్రం వచ్చి వీధి గుమ్మం బయటే నిలబడేవాడు. రోగి ఉన్న ఇంట్లోకి అడుగుపెట్టినవాడు పురుగుల గదిలోకి పోకూడదని మేమే పెట్టుకున్న నియమం అది. పురుగు కుబుసం విడిచే ముందు మేత మాని పడుకోవడాన్ని మా పనిలో జ్వరం అంటారు. గుమ్మం దగ్గరినుంచి అతను కేకవేసి చెప్పేవాడు.

"ఏమప్పా, ఎట్లుండావు? పురుగులు మూడో జ్వరం దాటినాయి. నువ్వింకా మొదటిదాంట్లోనే పండుకోనుండావే!"

నవ్వడానికి ఓపిక లేకపోయినా, అతను వచ్చే వేళకు నేను ఎదురుచూసేవాణ్ణి.

ఏప్రిల్, హిందూపురం

జ్వరం దిగిన తరువాత డాక్టరుగారు రెండు మాటలు చెప్పారు. మరగకాచనిది నోట్లో పెట్టుకోవద్దన్నది మొదటిది. మజ్జిగ బాగా పుచ్చుకోమన్నది రెండవది. ఆ రెండింటినీ నేను ఒకదానితో ఒకటి కలిపాను. మజ్జిగను మరగకాచి ఇమ్మని రుక్మిణికి చెప్పాను.

కాచిన మజ్జిగ విరిగిపోతుంది. గడ్డలు ఒకవైపు, పసుపుపచ్చ తేట ఒకవైపు అవుతాయి. ఆ తేటను గుడ్డలో వడగట్టి, గ్లాసును సలసల కాగే నీళ్లలో ముంచి తీసి, అందులో పోసి ఆమె ఇచ్చేది. రాగిజావ కూడా అంతే. రాగిపిండిలోని పొట్టు బలహీనపడిన పేగులను గీరుతుందేమోనన్న అనుమానంతో పిండిని పలుచని గుడ్డలో జల్లించి, తెల్లని మెత్తని భాగమే కాచి ఇవ్వమన్నాను. పచ్చిది, పులిసినది, నిలవ ఉన్నది అన్నీ నిషేధమే. ఆ నెలలో ప్రాణమున్నది ఏదీ నా నోట్లోకి పోలేదని ఖచ్చితంగా చెప్పగలను.

నా పరిస్థితి చూద్దామని ధర్మవరం నుంచి అమ్మ వచ్చింది. వచ్చిన పూటే వంటింట్లో ఆమె గొంతు వినిపించింది.

"మజ్జిగ గాంచేదేందే అమ్మీ? యాడన్నా విన్న్యావా?"

"నన్నడిగితే నేనేం జెప్దును అత్తా? నీ కొడుకునడుగు. పురుగుల చదువు చదివినాడు గదా."

నేను మంచం మీదినుంచే కారణం వివరించాను. అమ్మ సగం విని ఒప్పుకుంది. ఆమె ఒప్పుకున్నది నా కారణానికి కాదు.

"సరేలే, పులుపు తగలకుంటే చాలు. పథ్యంలో పులుపు తగిలితే పోయిన జ్వరం తిరగబెడ్తాది."

ఈ విధంగా నేను సూక్ష్మజీవులకు భయపడి, అమ్మ పులుపుకు భయపడి, రుక్మిణి మా ఇద్దరికీ భయపడి, ముగ్గురం ఒకే గిన్నెను పొయ్యి మీద పెట్టాం.

కడుపు మాత్రం బాగుపడలేదు. తాగిన గంటకే లోపల బోలు కుండలో నీళ్లు కదిలినట్టు చప్పుడు. పెరటి దాకా పోయి వచ్చి మంచం మీద వాలేసరికి మళ్లీ అదే. ఆకలి పేరుకు ఉండేది. గిన్నె చూడగానే పోయేది. కాళ్లు సన్నబడి మోకాళ్లు మాత్రం మిగిలాయి. హనుమంతప్ప ఒకరోజు నన్ను క్షేత్రానికి తీసుకుపోయి, పట్టుగూళ్ల బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టాడు.

"గూళ్లు ఎండేకొద్దీ తూకం తగ్గేది జూసినాగాని, నువ్వేందప్పా..." అని మొదలుపెట్టి, తూకపు రాళ్లు చూసి, ఆ వాక్యం పూర్తి చేయలేదు. అతను హాస్యాన్ని సగంలో ఆపడం నాకు తెలిసి అదే మొదటిసారి.

డాక్టరుగారి దగ్గర బెంచీ ఎప్పుడూ నిండి ఉండేది. నేను గోడకు ఆనుకుని నిలబడితే ఒక పెద్దావిడ లేచింది.

"ఈడ కూచో నాయనా. నీ మొగం జూస్తాంటే నాకు కండ్లు తిరుగుతాండాయి."

డాక్టరుగారు కడుపు నొక్కి చూశారు. దగ్గు ఉందా, ఇంట్లో ఎవరికైనా క్షయ ఉండేదా అని అడిగారు. మాది నేత కుటుంబం, నేత ఇళ్లలో క్షయ అరుదు కాదు. మా పెదనాయన అలాగే పోయాడు. అది చెప్పగానే ఆయన కలం కింద పెట్టారు. పేగులకు కూడా క్షయ వస్తుందన్నారు. జూన్ చివరిదాకా చూద్దాం, అప్పటికి తూకం పెరగకపోతే క్షయరోగుల శానిటోరియానికి చీటీ రాస్తానన్నారు.

చీటీ అంటే ఏమిటో నాకూ రుక్మిణికీ తెలుసు. అక్కడికి పోయినవాళ్లు ఎన్నాళ్లకు తిరిగి వస్తారో ఎవరూ చెప్పరు. ఇల్లు ఖాళీ చేయాలి. రుక్మిణీ బిడ్డా ముదిగుబ్బలో ఆమె పుట్టింటికి చేరాలి. మా కూతురు నన్ను గుర్తుపట్టే వయసుకు నేను ఇంట్లో ఉంటానా, ఉండనా అన్నదే నా ఎదుట ఉన్న ప్రశ్న. మిగిలినవన్నీ దాని తరువాతివే.

మే, ధర్మవరం

గాలి మార్పు కోసమని అమ్మ మమ్మల్ని ధర్మవరం తీసుకుపోయింది. ఎండకు గోడలు రాత్రి దాకా చల్లారేవి కావు. నాయన మగ్గం గుంతలో కూర్చుని చీర నేస్తూ ఉండేవాడు. పక్కగదిలో పడుకున్న నాకు పోగును నొక్కే పలక దెబ్బ ఒక్కొక్కటే వినిపించేది. దారం తెగినప్పుడు ఆ చప్పుడు ఆగేది. ఆగినప్పుడల్లా నాయన నన్నే చూస్తున్నాడేమో అనిపించేది.

పొద్దున ఇంట్లో అందరూ ముందురోజు కాచి పులియబెట్టిన రాగి అంబలిలో మజ్జిగ కలుపుకుని, ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ, కొరుక్కుంటూ తాగేవాళ్లు. అదే వేళకు నాకు కాచిన తేట వచ్చేది. ఒకరోజు నాయన నా గ్లాసులోకి తొంగి చూశాడు.

"ఏమప్పా, నీ తిండి మందు మాదిరుండాది."

అంతే అన్నాడు. అది నిందా, జాలా అన్నది అప్పుడు తెలియలేదు.

అమ్మకూ రుక్మిణికీ మధ్య మాటలు తగ్గిపోయాయి. మమ్మల్ని తిరిగి హిందూపురం పంపించడం అమ్మకు ఇష్టం లేదు. ఆ డాక్టరు చీటీ రాస్తే ఆ మాట ఊరంతా పాకుతుందని, రేపు పసిబిడ్డకు కూడా ఆ పేరు అంటుకుంటుందని ఆమె బాధ. ఒక మధ్యాహ్నం నేను నిద్రపోయాననుకుని ఇద్దరూ గొంతు పెంచారు.

"ఆ క్షయ మాట ఈ ఇంట్లో అనొద్దు. నా కొడుక్కి ఏం రోగముండాదో నాకు తెల్సు."

"తెలిస్తే నయంజెయ్యి అత్తా. నీకు కొడుకైతే, నాకు మొగుడు గాదా? నా బిడ్డకు నాయన గాదా? ఈడ దాపెట్టుకోని కూచుంటే తూకం పెరుగుతాదా?"

అమ్మ గొంతు మెత్తబడింది.

"పెనుకొండలో ముసలి డాక్టరొకాయన ఉండాడంట. పని మానుకోని ఇంటికాడే జూస్తాడంట. బత్తలపల్లోళ్లు చెప్పిరి. పోయేదారే గదా, దిగి చూపిచ్చుకోని పోండి."

ఆ రాజీ వాళ్లిద్దరిదీ. నన్నెవరూ అడగలేదు.

జూన్, పెనుకొండ

ధర్మవరంలో రైలెక్కి పెనుకొండలో దిగాం. ముసలి డాక్టరుగారు ఇంటి అరుగు మీదే రోగులను చూస్తున్నారు. బండ మీద నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. అక్కడ తలుపు, తెర ఏమీ లేవు. ఒకరి రోగం అందరూ వింటారు. నా వంతు వచ్చినప్పుడు ఆయన నాలుక చూశారు, కడుపు మీద వేళ్లతో తట్టి విన్నారు, వాడిన మందుల పేర్లు అడిగారు. తరువాత మామూలు ప్రశ్నలే వేశారు.

"మజ్జిగ తాగుతాండావా?"

"మూడు పూటలా తాగుతున్నానండీ."

ఆయన కనుబొమలు ముడిచారు. నా జవాబు ఆయన చూస్తున్న శరీరంతో పొసగలేదు. రుక్మిణి వైపు తిరిగారు.

"ఎట్లిస్తాండావమ్మా?"

"కాంచి, గుడ్డలో వడగట్టి ఇస్తాండా సార్."

"ఏం గాంచి?"

"మజ్జిగనే. మరగగాంచి."

"ఎవురు చెప్పిరి?"

రుక్మిణి నా వైపు చూసింది. బండ మీదినుంచి ఒక రైతు అందుకున్నాడు.

"మజ్జిగ గాంచుకోని తాగేటోన్ని ఈ పొద్దే జూస్తాండానబ్బా!"

అందరూ నవ్వారు. డాక్టరుగారు నవ్వలేదు. నా ఉద్యోగమేమిటని అడిగారు. చెప్పి, పురుగు కడుపులో సూక్ష్మజీవులు పెరిగితే ఏమవుతుందో కూడా వివరించాను.

"నువ్వు పురుగువా, మనిషివా?" అన్నారు. అప్పుడు రుక్మిణి కూడా నవ్వింది. ఆ ఏడాది ఆమె నవ్వడం నేను అంతకు ముందు చూసిన గుర్తు లేదు.

ఆయన తరువాత అడిగిన ప్రశ్నలు నా పనికి సంబంధించినవే. పరీక్షాధికారి అడిగినట్టే అడిగారు.

"గదికి ఫార్మలిన్ కొట్టినాక ఏం జేస్తారు?"

"రోగం లేని గుడ్లు తెచ్చి తట్టల్లో పెడతాం."

"పెట్టి?"

"పిల్ల పురుగులు బయటికి రాగానే మల్బరీ ఆకు వేస్తాం."

"ఆ గొట్టాల మందు నీ కడుపుకు కొట్టిన ఫార్మలిన్. కొట్టాల్సిందే, తప్పులేదు. రోగం చచ్చింది. దాంతోపాటు లోపల నీకు పనిజేసి పెట్టే జీవులు గూడా చచ్చినాయి. గది శుభ్రమయింది. మళ్లీ గుడ్లు పెట్టల్ల. అవి పెరుగులో, మజ్జిగలో, పులిసిన అంబలిలో ఉండాయి. నువ్వేం జేసినావు? వాటిని ఉడకేసి పెట్టినావు. ఇంక ఆకు. రాగిలో ఉండే పొట్టు మనకు అరగదు. మనకు అరగనిదే వాటికి మేత. దాన్ని జల్లెడ పట్టి పారబోసినావు. గుడ్లు ఉడికించి, ఆకు పారబోసి, పట్టు యాడనుంచి రావల్లప్పా?"

ఆ అరుగు మీద నా శిక్షణ అంతా నాకే తిరిగి వినిపించింది.

పేగు క్షయ ఉందో లేదో ఇప్పుడే చెప్పలేనని కూడా ఆయన నిర్మొహమాటంగా అన్నారు. జ్వరం తిరిగి వచ్చినా, రక్తం కనిపించినా మజ్జిగతో కూర్చోకుండా వెంటనే పరుగెత్తి రావాలన్నారు. తాగే నీళ్లూ పాలూ మాత్రం కాచే తీరాలన్నారు. కాచని మజ్జిగ మొదట చెంచాలతో మొదలుపెట్టి, కడుపు ఒప్పుకునేకొద్దీ పెంచాలి. తరువాత పొట్టుతో పట్టించిన రాగిపిండి అంబలి, దాని తరువాత ఆకుకూర, ఎర్రగడ్డ.

పులిసినది నిషేధం కాబట్టి హిందూపురంలో మా ఇంట్లో నెలల తరబడి పెరుగు తోడు పెట్టలేదు, కాచే మజ్జిగను కూడా బయటే కొనేవాళ్లం. తోడుకు వేసే పెరుగును మా వైపు చేమిరి అంటారు. అది కూడా మా ఇంట్లో లేకుండా పోయింది. డాక్టరుగారి భార్య లోపలినుంచి చిన్న గిన్నెలో పెరుగు తెచ్చి, పైన ఆకు పెట్టి గుడ్డతో కట్టి రుక్మిణి చేతికిచ్చింది.

"చేమిరి ఉంచుకోమ్మా. ఇది మా అత్త కాలం నుంచి తెగకుండా వస్తాండాది. రైల్లో వొలికిచ్చుకోవద్దు."

రైల్లో రుక్మిణి ఒక చేత్తో బిడ్డనూ, ఒక చేత్తో గిన్నెనూ పట్టుకుంది. బిడ్డను నేను పట్టుకుంటానన్నాను. ఆమె కొంచెం ఆలోచించి గిన్నె ఇచ్చింది.

జూన్ నుంచి ఆగస్టు దాకా, హిందూపురం

విన్నదాన్ని ఒప్పుకోవడం ఒక పని. మింగడం మరొక పని. మొదటిసారి తోడుకున్న పెరుగును చిలికి మజ్జిగ చేసిన పొద్దున, ఒక బొట్టు సీసాలో పోసుకుని క్షేత్రానికి పోయాను. హనుమంతప్ప చూస్తుండగా గాజుపలక మీద వేసి మైక్రోస్కోపు కింద పెట్టాను.

లెక్కలేనన్ని ఉన్నాయి. సన్నని పుల్లల్లాంటివి, పూసల దండల్లాంటివి. చిలుక రసంలో అన్ని కనిపించి ఉంటే ఆ గుడ్లను అప్పటికప్పుడు కాల్చమని చెప్పి ఉండేవాణ్ణి.

"ఏమప్పా, రోగముండాదా మజ్జిగకు? కాల్చేద్దామా?" అన్నాడు హనుమంతప్ప. తానూ కన్ను పెట్టి చూశాడు. ఎప్పుడూ లేనంత సేపు చూశాడు. "ఇవన్నీ మనం దినామూ తాగుతాండామా?" అన్నాడు కొంచెం మెల్లగా.

ఇంటికి వచ్చి చేతులు కడుక్కుని ఆ మజ్జిగ చెంచాతో తాగాను. రుక్మిణి ఎదురుగా కూర్చుని నా ముఖం చూస్తూ ఉంది.

మొదటి వారం కష్టంగానే గడిచింది. కడుపు ఉబ్బింది, చప్పుళ్లు ఎక్కువయ్యాయి. కాచిన తేటకే తిరిగి పోదామని నేనన్నాను.

"తట్టలో గుడ్లు పెట్టిన మర్నాడే గూళ్లు కట్టినాయా బావా?" అంది రుక్మిణి. ఆమె ఆ అరుగు మీది పాఠం నాకంటే బాగా వింది.

ఆ తరువాత ఒక ఉదయం మెలకువ వచ్చి, ఏదో లోటు ఉన్నట్టు అనిపించి, అది ఏమిటని వెతికాను. కడుపులో చప్పుడు లేదు. నెల చివర హిందూపురం డాక్టరుగారి దగ్గరికి పోయినప్పుడు తూకం కొద్దిగానే పెరిగి ఉంది. ఆయన చీటీ పుస్తకం తీశారు, మళ్లీ లోపల పెట్టి మరొక నెల గడువిచ్చారు. జరిగినదంతా ఆయనకు చెప్పాను. "నేను కాచమన్నది నీళ్లనూ పాలనూ. మజ్జిగను కాచమని ఎందుకంటాను?" అన్నారు. ఆయన మాట సరైనదే. మజ్జిగను కాచే మనిషి ఒకడు ఉంటాడని ఏ వైద్యుడూ ముందుగా ఊహించలేడు.

జూలైలో పులిసిన అంబలి మొదలుపెట్టాను. మొదటి గుక్కకు నాలుక ముడుచుకుంది, రెండవ గుక్కకు ఆకలి తెలిసింది. ఆగస్టులో కాటా మీద నిలబడ్డప్పుడు హనుమంతప్ప రాళ్లు చూసి, "ఇప్పుడు మార్కెట్‌కు పనికొస్తావు" అన్నాడు. ఈసారి వాక్యం పూర్తి చేశాడు. డాక్టరుగారు కడుపు నొక్కి చూసి, క్షయ మాట ఇక మరచిపొమ్మన్నారు.

ఇదంతా మజ్జిగ వల్లనే అని నేను ప్రమాణం చేయను. కాలం గడిస్తే దానంతట అదే తగ్గేదేమో. పోల్చి చూసుకోవడానికి నాకు రెండవ కడుపు లేదు. మా పరీక్షాశాల నియమం ప్రకారం ఇది రుజువు కాదు. కాని ఆ మార్పుకు ముందు నేను ఎండిపోతున్నాను, తరువాత నిలబడ్డాను. నేను చూసింది ఇంతే.

ఆ నెలలోనే ఒక పొద్దున నేను అంబలి తాగుతూ ఉంటే మా కూతురు గోడ పట్టుకుని నడుచుకుంటూ నా గది గడప దాటింది. ఎవరూ ఆపలేదు. నా మోకాలు పట్టుకుని నిలబడి, గిన్నెలో చేయి ముంచి, వేళ్లు నోట్లో పెట్టుకుంది. పులుపుకు మొహం చిట్లించి, మళ్లీ ముంచింది. ఆ చేయి కడిగారా లేదా అని నేను అడగలేదు.

1964, హిందూపురం

ఇప్పుడు కూడా పంటకు ముందు పురుగుల గదిని ఫార్మలిన్‌తో కడిగిస్తాను. అందులో రాజీ లేదు. ఇంటికి వచ్చి, ఆ వాసన పోయేదాకా చేతులు కడుక్కుని, పులిసిన అంబలి గిన్నె ముందు కూర్చుంటాను. గడప అవతల ఒక శాస్త్రం, ఇవతల మరొకటి. రెండింటినీ కలపకుండా ఉండడమే నేను నేర్చుకున్నది.

మిత్రమా, నీ వైద్యుణ్ణి అడిగి, ఆయన సరేనంటేనే ఇవి మొదలుపెట్టు. జ్వరం తిరిగి వస్తే నా మాట పక్కన పెట్టి ఆయన దగ్గరికి పో. తొందరపడకు.

ఇంతవరకు రాసి రుక్మిణికి చదివి వినిపించాను. అంతా విని, ఆమె వంటింట్లోకి పోయి చిన్న గిన్నెలో పెరుగు తీసి, పైన ఆకు పెట్టి గుడ్డ కట్టి తెచ్చి ఈ కాగితాల పక్కన పెట్టింది. ఆ పెనుకొండ చేమిరి మా ఇంట్లో ఇప్పటిదాకా తెగలేదు.

"దీన్ని గాంచొద్దని పెద్ద అచ్చరాలతో రాయి బావా," అంది. "ఆయన గూడా మీ పురుగులాఫీసోడే గదా."